డీఎస్ఎల్ఆరా, మిర్రర్‌లెస్సా? కొనే ముందు చేత్తో పట్టుకుని తేల్చుకోవడం ఎలా

కెమెరా కొందామనుకోగానే అందరూ అడిగేది ఇదే. ఒక్క ముక్కలో జవాబు కావాలంటే: పాత లెన్సులేవీ లేకుండా, మొదటిసారి, కొత్తది కొంటుంటే మిర్రర్‌లెస్ తీసుకోండి. డబ్బు బిగుతుగా ఉండి, సెకండ్ హ్యాండ్ అయినా ఫర్వాలేదనుకుంటే డీఎస్ఎల్ఆర్ తీసుకోండి. సగం మందికి ఈ మాట చాలు. ఇంట్లో నాలుగు లెన్సులున్నవాళ్లకి, పక్షుల వెంట పడేవాళ్లకి, రోజంతా కరెంటు దొరకని చోట తిరిగేవాళ్లకి చాలదు. మిగతాదంతా వాళ్ల కోసం.

తేడా అంతా ఒక అద్దంలో ఉంది. డీఎస్ఎల్ఆర్‌లో సెన్సర్ (వెలుతురుని ఫొటోగా మార్చే పలక) ముందు 45 డిగ్రీల వాలులో అద్దం ఉంటుంది. లెన్స్‌లోంచి వచ్చిన వెలుతురు దాని మీద పడి పైకి మళ్లి వ్యూఫైండర్‌లో, అంటే కన్ను ఆనించి చూసే కిటికీలో, మీ కంటికి చేరుతుంది. ఫోకస్ చూసే పని కింద ఉండే వేరే సెన్సర్‌ది. బటన్ నొక్కితే అద్దం పైకి లేస్తుంది, ఆ క్షణం మీకు చీకటి. మిర్రర్‌లెస్‌లో అద్దం లేదు కాబట్టి వెలుతురు నేరుగా సెన్సర్ మీదే పడుతుంది. ఫోకస్ చూసేదీ అదే, ఫొటో తీసేదీ అదే. వ్యూఫైండర్‌లో మీరు చూసేది ఒక బుల్లి స్క్రీన్.

ఫొటో నాణ్యతకీ దీనికీ సంబంధం లేదు. నికాన్ డీ850, నికాన్ జెడ్7 రెండూ 45.7 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మ్ ఫ్రేమంత పెద్ద సెన్సరున్న) కెమెరాలే. ఒకే లెన్స్ పెట్టి తీస్తే ఏ ఫొటో దేనిదో చూసి చెప్పడం కష్టం. కాబట్టి "దేంట్లో క్లారిటీ ఎక్కువ" అన్న ప్రశ్నని ఇక్కడే వదిలేయండి. పనికొచ్చే ప్రశ్నలు వేరే ఉన్నాయి.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- మీరు తీసినవాటిలో మీకు నచ్చిన 100 ఫొటోలు. ఫోన్‌లో తీసినవైనా సరే.
- ఇంట్లో లెన్సులు, ఫ్లాష్ ఉంటే వాటి మీద ఉన్న అక్షరాలన్నీ పొల్లుపోకుండా రాసుకున్న కాగితం. "నికాన్ 50 ఎంఎం" అని రాస్తే చాలదు. ఏఎఫ్-డీ అని ఉందా, ఏఎఫ్-ఎస్ అని ఉందా అన్నదే అసలు సంగతి.
- మొత్తం ఎంత ఖర్చు పెట్టగలరో ఒక అంకె. కాగితం మీద రాయండి. మనసులో ఉంచుకుంటే కొనే చోట అది పెరుగుతుంది.
- ఖాళీ మెమరీ కార్డు ఒకటి. మీరు ట్రయల్‌గా తీసినవి ఇంటికి తెచ్చుకోవడానికి.
- చిన్న టార్చి.
- మీ వైపు నడుచుకుంటూ రావడానికి ఒక మనిషి.

1. మీరు తీసేదేమిటో ఫొటోలనే అడగండి

ఆ 100 ఫొటోల్ని మూడు కుప్పలు చేయండి: కదిలేవి, కదలనివి, చీకట్లో తీసినవి. ఫోకస్ తప్పిపోయి పారేసినవి గుర్తుంటే వాటినీ కలపండి. అన్నిటికంటే ఎక్కువ చెప్పేవి అవే.

కదిలేవి ఎక్కువుంటే, అంటే పరుగెత్తే పిల్లలు, కుక్కలు, పక్షులు, ఆటలు అయితే, మిర్రర్‌లెస్ వైపు తూకం బాగా వాలుతుంది. కంటిని, తలని, పక్షిని తనే గుర్తుపట్టి వెంటాడే ఆటోఫోకస్ అక్కడే ఉంది. డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్ పాయింట్లు చాలావరకు మధ్యలోనే గుమిగూడి ఉంటాయి. మనిషి ఫ్రేమ్ అంచుకి జరిగితే దాన్ని పట్టే పాయింటే ఉండదు.

కొండలు, కట్టడాలు, వస్తువులు, పూలు ట్రైపాడ్ మీద పెట్టి తీసేవాళ్లకి రెండూ ఒకటే. నిజం చెప్పాలంటే వీళ్లకి పాత డీఎస్ఎల్ఆర్‌ని మించిన బేరం లేదు. మిగిలిన డబ్బు మంచి లెన్స్‌కి పోతుంది.

వీడియో కూడా ముఖ్యమైతే ఆలోచించక్కర్లేదు, మిర్రర్‌లెస్. డీఎస్ఎల్ఆర్ వీడియో తీసేటప్పుడు అద్దం లేపేసి లైవ్ వ్యూలోకి (వెనక స్క్రీన్‌లో చూసే పద్ధతికి) వెళ్తుంది, అప్పుడు వ్యూఫైండర్ పనిచేయదు, చాలా మోడళ్లలో ఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఉంటుంది. మినహాయింపులున్నాయి: 2013లో వచ్చిన కానన్ 70డీ నుంచి కొన్ని కానన్ డీఎస్ఎల్ఆర్‌లలో డ్యుయల్ పిక్సెల్ అనే, సెన్సర్ మీదే ఫోకస్ చూసే ఆటోఫోకస్ ఉంది, అవి వీడియోలో బాగానే పట్టుకుంటాయి. కానన్ 1500డీలో అది లేదు. నికాన్‌లో డీ780కి సెన్సర్ మీదే ఫేజ్ డిటెక్షన్ (వెతుక్కోకుండా ఫోకస్ పట్టే పద్ధతి) ఉంది.

చప్పుడు చేయకూడని చోట, అంటే కచేరీలో, ప్రార్థనలో, నిద్రపోతున్న పసిపిల్లల దగ్గర తీసేవాళ్లకి మిర్రర్‌లెస్‌లోని సైలెంట్ షట్టర్ ఒక్కటే చాలు, నిర్ణయం మారిపోతుంది.

2. లెన్సులుంటే ముందు మౌంట్ లెక్క చూడండి

మీరు కొంటున్నది బాడీ (లెన్స్ లేని కెమెరా) అనుకుంటారు గానీ, ఎంచుకుంటున్నది మౌంట్, అంటే లెన్స్ బిగించే వలయం. బాడీ నాలుగైదేళ్లకి మారుతుంది, లెన్సులు పదిహేనేళ్లు ఉంటాయి.

డీఎస్ఎల్ఆర్ లెన్స్‌ని మిర్రర్‌లెస్‌కి తగిలించవచ్చు. మిర్రర్‌లెస్ లెన్స్‌ని డీఎస్ఎల్ఆర్‌కి తగిలించలేరు. కారణం దూరం. కానన్ ఈఎఫ్ మౌంట్‌లో లెన్స్ కూర్చునే చోటికీ సెన్సర్‌కీ మధ్య 44 ఎంఎం ఉంటుంది, ఆర్ఎఫ్‌లో 20 ఎంఎం. మధ్యలో మిగిలిన 24 ఎంఎంని ఖాళీ గొట్టం లాంటి అడాప్టర్ పూరిస్తుంది. నికాన్‌లో ఎఫ్ మౌంట్‌కి 46.5, జెడ్ మౌంట్‌కి 16. సోనీ ఈ మౌంట్‌కి 18. వెనక్కి వెళ్లాలంటే లెన్స్‌ని అద్దం ఉండే చోటికి దించాలి. అది కుదరదు.

అడాప్టర్ కొనబోయే ముందు కాగితంలోని అక్షరాలు ఇలా సరిచూసుకోండి:

- కానన్ ఈఎఫ్, ఈఎఫ్-ఎస్: కానన్ సొంత అడాప్టర్‌తో ఆర్ మోడళ్ల (ఆర్ఎఫ్ మౌంట్ మిర్రర్‌లెస్‌ల) మీద ఆటోఫోకస్, స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిచేసేది) అన్నీ పనిచేస్తాయి. ఈఎఫ్-ఎస్ లెన్స్‌ని ఫుల్‌ఫ్రేమ్ ఆర్ బాడీకి పెడితే మాత్రం బొమ్మని మధ్యకి కత్తిరిస్తుంది. 24 మెగాపిక్సెళ్ల బాడీలో మీకు మిగిలేది 9 చిల్లర.
- నికాన్ ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ: ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో ఆటోఫోకస్ అవుతుంది. ఏఎఫ్-పీ అయితే ఫలానా లెన్స్ నికాన్ జాబితాలో ఉందో లేదో ఒకసారి చూసుకోండి.
- నికాన్ ఏఎఫ్, ఏఎఫ్-డీ: ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఈ లెన్సుల్లో మోటార్ ఉండదు, బాడీలోని మోటార్ స్క్రూ తిప్పితేనే ఫోకస్ కదులుతుంది. ఎఫ్‌టీజెడ్‌లో ఆ స్క్రూ లేదు. చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే. ఆ మాటకొస్తే డీ3500, డీ5600 లాంటి చిన్న డీఎస్ఎల్ఆర్‌లలో కూడా మోటార్ లేదు. డీ7500, డీ850లలో ఉంది. ఇలాంటి లెన్సులు మూడు నాలుగుంటే మీకు సరైనది సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆరే.
- కానన్ ఈఎఫ్-ఎం: ఎం50 లాంటి పాత మిర్రర్‌లెస్ కెమెరాలది ఈ మౌంట్. వీటి లెన్సులు ఆర్ఎఫ్ బాడీకి ఏ అడాప్టర్‌తోనూ రావు, ఎందుకంటే వీటి దూరం 18 ఎంఎం, ఆర్ఎఫ్ కన్నా తక్కువ. ఆ మౌంట్‌ని కానన్ 2023లో ఆపేసింది. చవగ్గా దొరుకుతోందని ఎం50 కొనేవాళ్లు ఇది తెలిసి కొనండి.

లెన్సులేవీ లేవా? అయితే ఇంకో రకం లెక్క చూడండి. మీకు రెండేళ్లలో కావాల్సిన మూడు లెన్సులు రాసుకుని, అవి ఆ మౌంట్‌లో మీ తాహతుకి తగ్గవి ఉన్నాయో లేదో వెతకండి. సోనీ ఈ మౌంట్‌కి సిగ్మా, టామ్రాన్ లెన్సులు కొల్లలు. కానన్ ఆర్ఎఫ్‌కి ఆ రెండు కంపెనీల ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) ఆటోఫోకస్ లెన్సులు 2024 నుంచే మొదలయ్యాయి. డీఎస్ఎల్ఆర్ విషయానికొస్తే, నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నాటిది, కానన్ ఈఎఫ్ 1987 నాటిది. సెకండ్ హ్యాండ్ లెన్సులు గుట్టలుగా ఉన్నాయి. కొత్తవి రావు, అంతే తేడా. 2020 తర్వాత కానన్, నికాన్ కొత్త డీఎస్ఎల్ఆర్ మోడల్ ఏదీ తేలేదు. పెంటాక్స్ మాత్రం డీఎస్ఎల్ఆర్‌నే పట్టుకుని ఉంది.

3. డబ్బుని పంచండి

రాసుకున్న అంకెని 100 అనుకోండి. బాడీకి 50 దాటనివ్వకండి. 35 దాకా లెన్సులకి, మిగతా 15 అదనపు బ్యాటరీకి, కార్డులకి, అవసరమైతే అడాప్టర్‌కి. కిట్ లెన్స్‌తో కలిపి అమ్ముతుంటే ఆ లెన్స్‌ని లెన్సుల వాటాలో వేయండి.

ఇప్పుడు రెండు బుట్టలు కట్టండి. ఒకటి కొత్త మిర్రర్‌లెస్ బాడీ, కిట్ లెన్స్, 50 ఎంఎం లేదా 35 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ (ఎఫ్ పక్క అంకె చిన్నదైతే వెలుతురు ఎక్కువ వస్తుంది), ఒక అదనపు బ్యాటరీ. రెండోది సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్, అదే రకం లెన్సులు. రెండు మొత్తాల మధ్య తేడా చూడండి. ఆ తేడాతో రెండో బుట్టలోకి ఇంకో మంచి లెన్స్ వస్తుందా? వస్తే, మొదటి మెట్టులో మీ కుప్పలు కదలనివైతే, డీఎస్ఎల్ఆర్ గెలిచినట్టే. తేడా బ్యాటరీ ఖరీదంతే అయితే మిర్రర్‌లెస్.

ఇక్కడ జరిగే తప్పు: ఫుల్‌ఫ్రేమ్ బాడీకి డబ్బంతా పోసి, దానికి ఎఫ్/6.3 దగ్గర ఆగిపోయే జూమ్ తగిలించడం. అదే డబ్బుకి ఏపీఎస్-సీ బాడీ, ఎఫ్/1.8 లెన్స్ వచ్చేవి, చీకట్లో ఫొటోలు ఇంకా బాగుండేవి.

4. వ్యూఫైండర్‌లో చూడండి, తొందరపడకుండా

ముందు డయాప్టర్ చక్రం తిప్పండి. వ్యూఫైండర్ పక్కనుండే చిన్న చక్రం అది. లోపలి అంకెలు స్పష్టంగా కనిపించేదాకా తిప్పాలి, ఎదుటి దృశ్యాన్ని బట్టి కాదు. ఇది చేయకుండా "ఈ కెమెరాలో అంతా మసకగా ఉంది" అని పక్కన పెట్టేసేవాళ్లు ఎందరో.

కళ్లజోడు ఉంటే పెట్టుకునే చూడండి. నాలుగు మూలలూ ఒకేసారి కనపడాలి. తల అటూ ఇటూ తిప్పితేగానీ మూలలు కనిపించకపోతే ఆ కెమెరా మీకు రోజూ చికాకు.

తర్వాత గదిలో చీకటిగా ఉన్న మూల వైపు తిప్పండి. డీఎస్ఎల్ఆర్‌లో కంటికి ఎంత చీకటో అంతే చీకటి కనిపిస్తుంది. మిర్రర్‌లెస్‌లో దృశ్యం వెలిగిపోయి కనిపిస్తుంది గానీ ఇసుక చల్లినట్టు చుక్కలు కదులుతుంటాయి, కదలిక కొంచెం ఈడ్చుకుంటూ వస్తుంది. కెమెరాని ఎడమ నుంచి కుడికి గబగబా తిప్పి చూడండి. తల తిరిగినట్టుంటే మెనూలో వ్యూఫైండర్ రిఫ్రెష్ రేటు 120కి మార్చే వీలుందేమో చూడండి. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే మీ కళ్లకి అద్దమే మంచిది. ఇందులో నామోషీ ఏమీ లేదు.

చవక డీఎస్ఎల్ఆర్‌లలో ఇంకో సంగతి. వాటి వ్యూఫైండర్ ఫ్రేమ్‌లో 95 శాతమే చూపిస్తుంది. మీరు జాగ్రత్తగా తప్పించాననుకున్న కరెంటు తీగ ఫొటో అంచున ప్రత్యక్షమవుతుంది. ఎండలో తీసేవాళ్లు మరొకటి గుర్తుంచుకోండి: సోనీ జెడ్‌వీ-ఈ10 లాంటి కొన్ని మిర్రర్‌లెస్‌లకి వ్యూఫైండరే ఉండదు. మిట్టమధ్యాహ్నం వెనక స్క్రీన్‌లో మీ ముఖం తప్ప ఏమీ కనపడదు.

హెచ్చరిక: డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి ఎప్పుడూ చూడకండి. టెలిఫొటో లెన్స్ పెట్టి చూస్తే కన్ను పోతుంది. మిర్రర్‌లెస్‌లో మీ కంటికి ప్రమాదం లేదు, కానీ పెద్ద లెన్స్‌ని ఎండకి ఎదురుగా అలాగే పట్టుకుంటే సెన్సర్, షట్టర్ రేకులు కాలే ప్రమాదం ఉంది.

5. ఫోకస్ పరీక్ష

అన్నిటిలో దీనికే ఎక్కువ సమయం ఇవ్వండి. పావుగంట పడుతుంది.

మీ కార్డు వేయండి. కంటిన్యూయస్ ఆటోఫోకస్ (కదిలేదాన్ని వెంటాడే ఫోకస్) పెట్టండి. మిర్రర్‌లెస్ అయితే కంటిని గుర్తుపట్టే సెట్టింగ్ ఆన్ చేయండి. డీఎస్ఎల్ఆర్ అయితే ముందు మధ్య పాయింట్‌తో మొదలుపెట్టండి. షట్టర్ స్పీడ్ 1/500, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఆ లెన్స్‌కి ఉన్నంత పెద్దది, ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే మోతాదు) ఆటో. మీరు తెచ్చుకున్న మనిషిని ఐదు మీటర్ల దూరం నుంచి మామూలు నడకతో మీ వైపు రమ్మనండి. ఒకటిన్నర మీటర్ల దగ్గరకొచ్చేలోపు 20 ఫ్రేములు తీయండి. అలా మూడుసార్లు. ఒకసారి మనిషి మధ్యలో, ఒకసారి ఫ్రేమ్‌లో కుడి అంచు దగ్గర, ఒకసారి మసక వెలుతురులో.

కెమెరా వెనక స్క్రీన్ మీద చూసి తీర్పు చెప్పకండి. అందులో అన్నీ బాగానే కనిపిస్తాయి. ఇంటికెళ్లి కంప్యూటర్‌లో 100 శాతానికి పెంచి, కనురెప్పల వెంట్రుకలు చూడండి. విడివిడిగా లెక్కపెట్టగలిగితే పాస్.

ఫెయిలైనవాటిని ఇలా చదవండి:

- చెవులు స్పష్టంగా, కళ్లు మసకగా ఉంటే ఫోకస్ వెనక్కి పడింది. మనిషి నడిచినంత వేగంగా కెమెరా వెంటాడలేకపోయింది.
- ముక్కు కొన స్పష్టంగా ఉండి కళ్లు మసకబారితే ముందుకి పడింది.
- తల నుంచి పాదం దాకా అంతా ఒకే దిశలో సాగినట్టుంటే అది ఫోకస్ తప్పు కాదు, షట్టర్ స్పీడ్ చాలలేదు. 1/1000కి పెంచి మళ్లీ తీయండి. ఈ రెండింటినీ కలగలిపి కెమెరాని తిట్టుకునేవాళ్లే ఎక్కువ.

మిర్రర్‌లెస్‌లో 20కి 17, 18 రావాలి. డీఎస్ఎల్ఆర్‌లో మధ్య పాయింట్‌తో 13, 14 వస్తే మంచి బాడీ కిందే లెక్క. అంచు పాయింట్‌తో సగానికి పడిపోయినా ఆశ్చర్యపోకండి. ఇవి పుస్తకంలో రాసి ఉన్న మార్కులు కావు, లెన్స్‌ని బట్టీ వెలుతురుని బట్టీ మారతాయి. పోల్చేటప్పుడు రెండు కెమెరాలకీ అదే మనిషి, అదే చోటు ఉండేలా చూసుకోండి చాలు.

డీఎస్ఎల్ఆర్‌కి ఇంకో పరీక్ష అదనం. ఫోకస్ చూసే సెన్సర్ వేరు, ఫొటో తీసే సెన్సర్ వేరు కాబట్టి రెండింటికీ మధ్య వెంట్రుకవాసి తేడా రావచ్చు. ఒక అట్టపెట్టెని కెమెరాకి ఎదురుగా తిన్నగా నిలబెట్టండి. దాని పక్కనే స్కేలుని 45 డిగ్రీల వాలులో పెట్టండి, స్కేలు మధ్య గీత అట్టపెట్టె ముఖంతో సమానంగా ఉండాలి. ట్రైపాడ్ మీద నుంచి అట్టపెట్టె మీద ఫోకస్ చేసి వ్యూఫైండర్‌తో ఐదు, లైవ్ వ్యూతో ఐదు తీయండి. ప్రతిసారీ ముందు ఫోకస్‌ని చెడగొట్టి మళ్లీ చేయాలి. లైవ్ వ్యూవి స్కేలు మధ్యలో పడి, వ్యూఫైండర్‌వి ప్రతిసారీ ఒకే వైపు జరిగితే ఆ లెన్స్‌కీ బాడీకీ పొసగలేదు. డీ7500, కానన్ 90డీ లాంటివాటిలో మెనూలోనే సరిచేసుకోవచ్చు. డీ3500, 1500డీలలో ఆ సదుపాయం లేదు, సర్వీసుకి ఇవ్వాలి. మిర్రర్‌లెస్‌కి ఈ జబ్బు రాదు.

6. లైట్ల కింద సైలెంట్ షట్టర్

ఎల్ఈడీ లైటున్న గదిలో సైలెంట్ షట్టర్‌తో (దీన్నే ఎలక్ట్రానిక్ షట్టర్ అంటారు) 1/1000 దగ్గర తెల్లగోడని తీయండి. అడ్డంగా చారలొచ్చాయా? కరెంటు లైట్లు చాలావరకు సెకనుకి 100 లేదా 120 సార్లు మిణుకుతాయి, సెన్సర్ పై వరస నుంచి కింది వరస దాకా చదివేలోపు వెలుతురు మారిపోతుంది, అందుకే చారలు. తర్వాత నిలువు స్తంభం ముందు కెమెరాని వేగంగా తిప్పుతూ తీయండి. స్తంభం ఒరిగి కనిపిస్తే ఆ సెన్సర్ నెమ్మదిగా చదువుతోందని అర్థం.

ఇది కొనకపోవడానికి కారణం కానక్కర్లేదు. మెకానికల్ షట్టర్‌కి (రేకులు కదిలేదానికి) మారితే ఒరగడం పోతుంది, చారలు బాగా తగ్గుతాయి. అప్పటికీ ఉంటే షట్టర్‌ని 1/100 లేదా 1/60కి దించండి. నికాన్ జెడ్8, జెడ్9లకి మెకానికల్ షట్టరే లేదు, వాటి సెన్సర్ అంత వేగంగా చదువుతుంది. 2023లో ప్రకటించిన సోనీ ఏ9 త్రీ అయితే సెన్సర్ మొత్తాన్నీ ఒకేసారి చదివేస్తుంది. మామూలు ధరలో దొరికే బాడీల నుంచి అది ఆశించకండి.

7. బ్యాటరీ లెక్క

పెట్టె మీద రాసే షాట్ల సంఖ్య సీపా అనే జపాన్ కెమెరా సంఘం పద్ధతిలో లెక్కకట్టింది. నికాన్ డీ3500కి 1550. డీ850కి 1840. సోనీ ఏ7 త్రీకి వ్యూఫైండర్‌తో 610. 2018లో వచ్చిన కానన్ ఈఓఎస్ ఆర్‌కి 370. తేడా ఎంతో చూశారు కదా.

కానీ ఆ అంకెల్ని అలాగే నమ్మకండి. గబగబా బరస్ట్‌లు (ఆపకుండా వరస ఫొటోలు) తీస్తే మిర్రర్‌లెస్ రాసినదానికి రెండింతలు కూడా ఇస్తుంది. దాని బ్యాటరీని తినేది షట్టర్ కన్నా ఎదురుచూపు. పిట్ట వాలే దాకా వ్యూఫైండర్‌లో చూస్తూ కూర్చుంటే ఒక్క ఫొటో తీయకుండానే సగం అయిపోతుంది. డీఎస్ఎల్ఆర్‌లో ఎంతసేపు చూసినా అద్దానికి కరెంటు అక్కర్లేదు.

మీరు ఛార్జింగ్ లేకుండా ఎన్ని గంటలుంటారో వేసుకోండి. మిర్రర్‌లెస్ అయితే ప్రతి రెండున్నర గంటల పనికి ఒక బ్యాటరీ చొప్పున, చలిలో అయితే ఇంకొకటి కలిపి. యూఎస్‌బీ ద్వారా ఛార్జ్ అవుతుందో, వాడుతుండగా కూడా పవర్ తీసుకుంటుందో అడగండి. రెండూ ఒకటి కావు. ఊరూపేరూ లేని బ్యాటరీలు ఉబ్బి లోపల ఇరుక్కుంటాయి, బయటికి తీయాలంటే బాడీ విప్పాలి.

8. సెకండ్ హ్యాండ్ అయితే

- షట్టర్ కౌంట్ (షట్టర్ ఇప్పటిదాకా ఎన్నిసార్లు పనిచేసిందో ఆ లెక్క): నికాన్ ఫొటో ఫైల్‌లోనే రాస్తుంది, తీసిన ఒక జేపెగ్‌ని ఎగ్జిఫ్ (ఫొటోలో దాగుండే వివరాలు) చూపించే ప్రోగ్రామ్‌లో తెరిస్తే తెలుస్తుంది. కానన్‌కి చాలా మోడళ్లలో కేబుల్ పెట్టి ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. డీ850 షట్టర్‌ని 2 లక్షలకి, కానన్ 5డీ మార్క్ 4ని లక్షన్నరకి పరీక్షించారు. అంకె దాటగానే చచ్చిపోదు, అలాగని దాటినదానికి పూర్తి ధర ఇవ్వకండి. సైలెంట్ షట్టర్‌తోనే తీసిన మిర్రర్‌లెస్‌కి ఈ అంకె పెద్దగా ఏమీ చెప్పదు.
- లెన్స్: ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడు దారాల్లా కనిపిస్తే ఫంగస్, వద్దు. నాలుగు ధూళి రేణువులుంటే ఫర్వాలేదు.
- మౌంట్ లోపలి బంగారు రంగు కాంటాక్టులు, కార్డు స్లాట్‌లోని పిన్నులు: ఒక్క పిన్ను వంగినా బేరం వద్దు.
- హాట్ పిక్సెళ్లు: మూత పెట్టి, లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆఫ్ చేసి, ఐఎస్ఓ 800 దగ్గర 10 సెకన్లు తీయండి. అక్కడక్కడా రంగు చుక్కలు మామూలే. వరసగా గీత ఉంటే వదిలేయండి.
- డీఎస్ఎల్ఆర్ అద్దం: వేలితో, గుడ్డతో తుడవకండి, తుడిచి చూపిస్తానన్నా ఒప్పుకోకండి. అద్దం పూత ముందువైపే ఉంటుంది, గీత పడితే పోదు. వ్యూఫైండర్‌లో కనిపించే నలక ఫొటోలో రాదు, దాని గురించి బెంగ వద్దు.

ఎక్కువగా చేసే పొరపాట్లు

"మిర్రర్‌లెస్ తేలిక" అన్నది సగమే నిజం. బాడీలో బరువు తగ్గుతుంది. డీ850 బ్యాటరీ, కార్డుతో కలిపి 1005 గ్రాములుంటే సోనీ ఏ7 త్రీ 650. పెద్ద లెన్సుల దగ్గరికొస్తే నికాన్ 70-200 ఎఫ్/2.8 డీఎస్ఎల్ఆర్ లెన్స్ 1430 గ్రాములు, జెడ్ మౌంట్‌ది ట్రైపాడ్ కాలర్‌తో 1440. మొత్తం సంచిని తూచండి, ఒక్క బాడీని కాదు.

"మిర్రర్‌లెస్ అంటే బాడీలోనే స్టెబిలైజేషన్ ఉంటుంది" అన్నదీ అంతే. కానన్ ఆర్50, ఆర్10, సోనీ ఏ6400, నికాన్ జెడ్50లలో లేదు. అటు పెంటాక్స్ కే-3 మార్క్ 3 డీఎస్ఎల్ఆర్‌లో ఉంది. మోడల్‌వారీగా చూసుకోవాల్సిందే.

కొన్నాక మొదటి వారం

స్టూడియో ఫ్లాష్ వాడేవాళ్లకి మిర్రర్‌లెస్ మొదటి రోజే భయపెడుతుంది. ఎఫ్/8, 1/160, ఐఎస్ఓ 100 పెట్టగానే వ్యూఫైండర్ నల్లగా మారిపోతుంది. కెమెరా పాడవలేదు. ఫ్లాష్ లేకుండా ఫొటో ఎలా వస్తుందో అది ముందే చూపిస్తోంది. కానన్‌లో ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్ ఆపేయండి. సోనీలో లైవ్ వ్యూ డిస్‌ప్లేని సెట్టింగ్ ఎఫెక్ట్ ఆఫ్‌కి మార్చండి. మామూలు వెలుతురుకి వచ్చాక తిరిగి ఆన్ చేయడం మర్చిపోతే రోజంతా తప్పు ఎక్స్‌పోజర్‌తో తీస్తారు.

లెన్స్ మార్చేటప్పుడు కెమెరా ఆఫ్ చేసి, బాడీ ముఖం కిందికి పెట్టి, రెండో లెన్స్ మూత ముందే వదులు చేసి ఉంచుకోండి. మిర్రర్‌లెస్‌లో అడ్డంగా అద్దం లేదు, చాలావాటిలో సెన్సర్ గాలికి తెరిచే ఉంటుంది.

వాపసు గడువు ముగిసేలోపు సెన్సర్ ధూళి చూసుకోండి. ఐఎస్ఓ 100, ఎఫ్/16, ఫోకస్ మాన్యువల్‌లో పెట్టి అతి దగ్గరికి తిప్పండి. షట్టర్ రెండు సెకన్లు ఉండేలా వెలుతురు తగ్గించుకుని, తెల్లగోడ ముందు కెమెరాని అటూ ఇటూ కదుపుతూ తీయండి. గోడ మీది మరకలు చెదిరి కలిసిపోతాయి, సెన్సర్ మీది చుక్కలు మాత్రం కదలకుండా నిలుస్తాయి. ఉంటే కెమెరాలోని సెన్సర్ క్లీనింగ్ రెండు మూడుసార్లు నడపండి, పోకపోతే బాడీని బోర్లా పట్టుకుని రబ్బరు బ్లోయర్‌తో ఊదండి. నోటితో ఊదకండి, స్ప్రే డబ్బా వాడకండి. చుక్క ఎక్కడుందో వెతుక్కునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి: కెమెరాకి ఎదురుగా నిలబడి చూస్తే, ఫొటోలో పైన ఎడమ మూల ఉన్న చుక్క సెన్సర్ మీద కింద ఎడమ మూల ఉంటుంది.